పళ్ల క్లీనింగ్: ఏ రకానికి ఎంతవుతుంది, ఎవరికి ఏది కావాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. నెల్లూరు పొగతోటలో ఒక పళ్ల ఆస్పత్రి కౌంటర్లో 9 ఏళ్లు కూర్చున్నాను. బిల్లులు రాయడం, ఫోన్లు ఎత్తడం, లోపలికి వెళ్లడానికి భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడం నా పని. మాది కందుకూరు వైపు ఊరు కాబట్టి ఒంగోలు వాళ్లూ తెలుసు, నెల్లూరు వాళ్లూ తెలుసు, ఎవరు ఏ మాట అడగబోతున్నారో మొహం చూస్తే తెలిసిపోయేది. ఇక్కడున్నవి అక్కడ రోజుకి పదిసార్లు చెప్పిన జవాబులే. రేట్లు మాత్రం నేను చూసినవీ, తెలిసినవాళ్ల దగ్గర కనుక్కున్నవీ. ఆస్పత్రిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

క్లీనింగ్ ఎంతవుద్ది?

ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న ఇదే. ఒక్క అంకె చెప్పమంటారు, చెప్పకపోతే "రేటు చెప్పడానికి కూడా ఇంత బెట్టా" అని పెట్టేస్తారు. విషయం ఏంటంటే క్లీనింగ్ అనే ఒక్క మాట కింద నాలుగైదు వేరు వేరు పనులున్నాయి. కారు కడగడానికీ ఇంజన్ విప్పి బాగుచేయడానికీ ఎంత తేడా ఉందో వీటి మధ్య కూడా అంతే తేడా. మామూలు స్కేలింగ్, పాలిషింగ్ కలిపి మన దగ్గర సుమారు 500 నుంచి 1,500 రూపాయల్లో అయిపోతుంది. చిగుళ్ల లోపలికి వెళ్లి చేసే డీప్ క్లీనింగ్ అయితే నోటిని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగానికి 1,000 నుంచి 2,500 దాకా తీసుకుంటారు, అంటే నోరంతా కావాలంటే 4 వేల నుంచి 10 వేలు. పక్కింటావిడకి 700 అయింది, నాకు 7 వేలు చెప్పారేంటి అని గొడవపడే ముందు ఇద్దరికీ చేసేది ఒకే పనా కాదా అన్నది చూసుకోవాలి.

ఆ నాలుగైదు రకాలు ఏంటి?

మొదటిది మామూలు స్కేలింగ్. చిగుళ్లు బాగానే ఉండి, లేదా కొంచెం వాచి, పళ్ల మీద గార పేరుకున్నవాళ్లకి ఇది చాలు. సన్నగా అదిరే మెషీన్ మొనతో, నీళ్లు చిమ్ముతూ గార ఊడగొడతారు. ఒక్క సిట్టింగే, అరగంట, మహా అయితే ముప్పావుగంట. తర్వాత రబ్బరు కప్పుకి పేస్టు పెట్టి తిప్పుతారు, అది పాలిషింగ్. గార తీసిన చోట పన్ను గరుకుగా ఉంటే మళ్లీ పాచి త్వరగా అంటుకుంటుంది కాబట్టి నున్నగా చేస్తారు. పాలిషింగ్‌కి విడిగా డబ్బులు వేసేచోట్లూ ఉన్నాయి, ముందే అడగండి.

రెండోది డీప్ క్లీనింగ్. బిల్లు మీద స్కేలింగ్ అండ్ రూట్ ప్లానింగ్ అని రాస్తారు. చిగురు పన్నుని వదిలేసి సంచిలాగా అయితే ఆ సంచి లోపల, వేరు మీద కూడా గార పడుతుంది. పైనుంచి చూస్తే కనపడదు. మత్తు సూది ఇచ్చి, మెషీన్‌తో పాటు చేతి పరికరాలతో లోపలి గార గీకి వేరుని శుభ్రం చేస్తారు. సాధారణంగా రెండు సిట్టింగులు, ఒకరోజు కుడివైపు, ఇంకోరోజు ఎడమవైపు.

మూడోది, గార మరీ దట్టంగా ఉండి అసలు పన్నే కనపడనివాళ్లకి. ముందు పైపైన అంతా తీసేసి, కొన్నాళ్లాగి చిగుళ్ల వాపు కాస్త తగ్గాక మళ్లీ చూసి అప్పుడు డీప్ కావాలా వద్దా అని తేలుస్తారు. నాలుగోది, డీప్ క్లీనింగ్ అయినవాళ్లు 3, 4 నెలలకోసారి వచ్చి చేయించుకునేది. దీన్నే జనం ఎక్కువగా ఎగ్గొడతారు, ఆ తర్వాత "అంత డబ్బు పోసినా మళ్లీ మొదటికే వచ్చింది" అంటారు. ఇవి కాక సన్నటి పొడిని గాలితో, నీళ్లతో కలిపి కొట్టే ఎయిర్ పాలిషింగ్ ఉంది. టీ మరకలూ పొగాకు మరకలూ బాగా పోతాయి కానీ గట్టిపడిన గార దానికి లొంగదు.

నాకు ఏది కావాలో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీ మొత్తంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

డాక్టరు ఒక సన్నటి పుల్లలాంటి పరికరం తీసుకుంటారు, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. దాన్ని పన్నుకీ చిగురుకీ మధ్య మెల్లగా దించి ఎంత లోతుకి పోతుందో కొలుస్తారు. ఒక్కో పన్నుకీ ఆరుచోట్ల. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలే. 4, 5 అంటే చిగురు వదులుతోందని. 6, 7 అంటే కింద ఎముక కూడా తగ్గుతూ ఉండొచ్చు, అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. డీప్ క్లీనింగ్ కావాలా అన్నది ఈ అంకెలూ ఎక్స్‌రే చెప్పాలి తప్ప, అద్దం పెట్టి ఒక్క చూపు చూసి చెప్పేది కాదు. మా డాక్టరమ్మ కొలుస్తుంటే పక్కన అసిస్టెంట్ పిల్ల "మూడు, రెండు, మూడు... ఐదు, నాలుగు, ఐదు" అని రాసుకునేది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు అది విని ఇదేంటి చీటీపాటా అని నవ్వేవాళ్లు.

కాబట్టి డీప్ క్లీనింగ్ అని చెప్తే మొహమాటపడకుండా అడగండి: "ఏ పళ్ల దగ్గర ఎంత లోతు వచ్చిందండీ?" అని. సరిగ్గా చూసినవాళ్లు వెంటనే చెప్తారు, కాగితం కూడా చూపిస్తారు.

199కే క్లీనింగ్ అని బోర్డు చూశాం, వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు మా ఆయన ఇలాంటి ఆఫర్ చూసి ఒకచోటికి వెళ్లాడు, పేరెందుకు లెండి. కుర్చీలో కూర్చోగానే నోరు చూసి "మీకు మామూలుది పనిచేయదు, డీప్ చేయాలి, లేజర్‌తో కలిపి 12 వేలు" అన్నారు. కొలవలేదు, ఎక్స్‌రే లేదు. మా ఆయన నోరు తెరుచుకుని ఉన్నాడు కదా, వద్దని ఎలా అంటాడు! సగం అడ్వాన్సు కట్టి వచ్చాడు. తర్వాత ఇంకోచోట కొలిపిస్తే ఒక్క రెండు పళ్ల దగ్గర 4 వచ్చింది, మిగతావన్నీ బాగున్నాయి. మామూలు స్కేలింగ్‌తో సరిపోయింది. ఆ అడ్వాన్సు తిరిగి రాలేదు.

తక్కువ రేటు పెట్టినవాళ్లంతా మోసగాళ్లని కాదు, కొత్తగా ఆస్పత్రి తెరిచినవాళ్లు జనం రావాలని తగ్గిస్తారు. అడ్వాన్సు మాత్రం ఆ రోజే కట్టొద్దు. చిగుళ్ల జబ్బు రాత్రికి రాత్రి వచ్చింది కాదు, రెండురోజులు ఆలోచించుకుంటే మునిగిపోయేదేమీ లేదు.

బాగా బ్రష్ చేస్తే గార పోదా?

పాచి పోతుంది, గార పోదు. పాచి అంటే మెత్తగా జిగురుగా ఉండే పొర, గోరుతో గీకినా వస్తుంది. దాన్ని రెండు మూడు రోజులు వదిలేస్తే ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు పట్టి గట్టిపడటం మొదలవుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నెకి అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అలాంటిదే. కింది ముందు పళ్ల వెనక, నాలుక తగిలేచోట ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఉమ్మి గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి. పై దవడ పళ్ల బయటివైపు కూడా అదే కారణం.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయంట గదా?

మా అత్తగారు ఈ భయంతోనే పదేళ్లు వాయిదా వేసింది. చివరికి చిగుళ్ల నుంచి దిండు మీద రక్తం మరకలు కనపడితే లాక్కెళ్లాను. నేను పక్కనే నిలబడ్డాను. కింది ముందు పళ్ల వెనక నుంచి ఒక ముక్క ఊడి స్టీలు ట్రేలో టంగుమని పడింది. బియ్యపుగింజ కంటే పెద్దది, పసుపు నలుపు కలిసిన రంగు, పాత గోడ సున్నం పెచ్చులాగా ఉంది. ఆమె లేచి దాన్ని చూసి "పన్ను విరిగింది మేయ్!" అని గోల. డాక్టరమ్మ చేతిలో పెట్టి చూపించాక కానీ నమ్మలేదు.

ఇంటికొచ్చాక నాలుకతో తడుముకుంటూ సందులొచ్చాయనీ, పన్ను ఊగుతోందనీ రెండురోజులు నన్ను తిట్టింది. అసలు సంగతి, ఆ సందులు ఎప్పటినుంచో ఉన్నాయి, గార వాటిని కప్పేసింది. ఎముక తగ్గి పన్ను వదులైనా గార సిమెంటులాగా పక్కపళ్లకి అతుక్కుని పట్టి ఉంచింది. అది తీసేశాక ఉన్న నిజం బయటపడింది, అంతే. అలా వదిలేస్తే ఎముక ఇంకా తగ్గి పన్నే పోతుంది. వాచిన చిగురు తగ్గాక కొంచెం గట్టిపడుతుంది కూడా, ఆమెకి నెలరోజుల్లో రక్తం రావడం ఆగిపోయింది. తిట్టడం మాత్రం ఆగలేదు, అది వేరే విషయం.

ఎనామెల్ అరిగిపోతుందా? జివ్వుమంటుందా?

తెలిసినవాళ్లు చేస్తే అరగదు. ఆ మెషీన్ గార మీద అదిరి దాన్ని పగలగొడుతుంది, పన్నుని చెక్కదు. జివ్వుమనడం మాత్రం నిజమే, చల్లటి నీళ్లు తగిలితే నాలుగైదు రోజులు, డీప్ అయితే రెండు మూడు వారాలు ఉండొచ్చు. సెన్సిటివిటీ పేస్టు వాడితే తగ్గుతుంది. దానికంటే తరాలుగా ఇటుకపొడి, కచ్చికల బూడిద పెట్టి రుద్దుకున్న పళ్లు నేను చూసినన్ని అరిగిపోయినవి స్కేలింగ్ చేయించుకున్నవాళ్లలో చూడలేదు.

పళ్లు తెల్లగా అవుతాయా? పెళ్లి ఉంది.

ఇది ఎక్కువగా పెళ్లికి వారం ముందు వస్తుంది. క్లీనింగ్ మీ పళ్ల అసలు రంగు బయటికి తెస్తుంది, కొత్త రంగు వేయదు. తెల్లగా చేసేది బ్లీచింగ్, అది వేరే పని, ఆస్పత్రిలో చేయిస్తే 5 వేల నుంచి 15 వేల దాకా. చిగుళ్లు వాచి ఉండగా చేయరు, కాబట్టి కనీసం నెలముందు రండి.

కనిగిరి, పామూరు, దర్శి వైపు నుంచి, ఇటు ఉదయగిరి నుంచి వచ్చే పిల్లలకి ఇంకో సమస్య. పళ్ల మీద గోధుమరంగు గీతలు, సుద్దలాంటి తెల్లమచ్చలు. అమ్మానాన్నలు "సరిగా తోముకోడు, క్లీనింగ్ చేయండి" అని తీసుకొస్తారు. పాపం, వాడి తప్పు కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే, దవడ లోపల పన్ను తయారవుతున్న చిన్నవయసులోనే ఎనామెల్ దెబ్బతింటుంది. ఆ మరక పన్ను పైన లేదు, లోపలే ఉంది. ఎన్నిసార్లు స్కేలింగ్ చేసినా పోదు. పలచగా పైపొర తీసే పద్ధతీ, బ్లీచింగూ, మరీ ఎక్కువైతే పన్ను రంగు ఫిల్లింగో, విన్యీరో (పన్ను ముందువైపు అతికించే పలచటి పొర) వేయడం లాంటివి ఉన్నాయి. ఈ పిల్లల దగ్గర క్లీనింగ్‌తో తెల్లబడతాయని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లని మాత్రం నేను క్షమించలేను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

సిగరెట్, గుట్కా అలవాటుంది. కానీ నాకు చిగుళ్లలో రక్తం రాదు, అంటే బాగున్నట్టేగా?

కాదు, ఇదే మోసం. పొగాకు చిగుళ్లలో రక్తనాళాలని కుంచింపజేస్తుంది, అందుకని లోపల జబ్బు ఉన్నా రక్తం కనపడదు. టంగుటూరు నుంచి ఒక పొగాకు రైతు వచ్చేవాడు, రక్తం చుక్క లేదు, కొలిస్తే వెనక పళ్ల దగ్గర 7. మరకలు పోవడానికి మీకు పాలిషింగ్ ఎక్కువసేపు పడుతుంది, కొన్నిచోట్ల దానికి రెండు మూడొందలు ఎక్కువ వేస్తారు. నోట్లో మానని పుండు, తెల్లమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఉంటే క్లీనింగ్ సంగతి పక్కనపెట్టి ముందు అది చూపించండి.

చేసిన రోజు చేపల పులుసు తినొచ్చా?

నెల్లూరులో ఈ ప్రశ్న రాని రోజు లేదు. మామూలు స్కేలింగ్ అయితే ఆ పూట కారం, వేడి తగ్గించండి, మర్నాటి నుంచి మీ ఇష్టం. డీప్ అయితే ముందు మత్తు దిగేదాకా ఏమీ నమలొద్దు, పెదవి కొరుక్కుంటారు. తర్వాత రెండు మూడు రోజులు పెరుగన్నం, ఇడ్లీ, పప్పన్నం. చింతపండు పులుపు, మిరపకాయ కారం పచ్చి చిగురు మీద పడితే కళ్లనీళ్లు వస్తాయి, పైగా సన్నముల్లు చిగురులో గుచ్చుకుంటే ఇంకో తలనొప్పి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి, మెత్తటి బ్రష్‌తో మెల్లగా తోమండి, నొప్పిగా ఉందని తోమడం మానేయొద్దు.

షుగర్ ఉంది, గుండె మందులు వాడుతున్నాను, చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ కుర్చీ ఎక్కకముందే చెప్పాలి, మందుల చీటీ తీసుకుని రావాలి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రాదు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. కాబట్టి షుగర్ వాళ్లకే క్లీనింగ్ ఎక్కువ అవసరం. ఆ రోజు టిఫిన్, మాత్ర మానేసి ఖాళీకడుపుతో రావొద్దు.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. "పళ్లకి వెళ్తున్నా కదా అని మూడురోజుల నుంచి ఆపేశా" అని ఒకాయన చెప్తే మా డాక్టరమ్మ గుండె జారిపోయింది. గుండెలో కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. పేస్‌మేకర్ ఉంటే అదీ చెప్పండి. గర్భిణులకి 4 నుంచి 6 నెలల మధ్య సౌకర్యంగా ఉంటుంది. ఆ సమయంలో చిగుళ్లు వాచి రక్తం రావడం మామూలే కానీ, కాన్పయ్యాక చూద్దాంలే అని వదిలేయక్కర్లేదు.

ఎన్నాళ్లకోసారి?

ఆర్నెల్లు అన్నది శాసనం కాదు. గార తొందరగా పట్టనివాళ్లకి ఏడాదికోసారి సరిపోతుంది. చిగుళ్ల జబ్బు వచ్చి తగ్గినవాళ్లు, షుగర్ వాళ్లు, పొగ తాగేవాళ్లు, క్లిప్పులున్న పిల్లలు 3, 4 నెలలకి రావాలి.

తక్కువ ఖర్చులో ఎక్కడ అవుతుంది?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో దంత విభాగం ఉంది. ఓపిక కావాలి, పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకోవాలి. నెల్లూరు చింతారెడ్డిపాళెంలో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లో మామూలుగా విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు, బయటికంటే బాగా తక్కువవుతుంది. విద్యార్థులంటే భయపడతారు కానీ, మార్కుల కోసమైనా ప్రతి పన్నూ కొలిచి రాస్తారు. టైమ్ మాత్రం రెండింతలు పడుతుంది. గిద్దలూరు, కంభం వైపు మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువ కదా, మీకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లుంటాయి, ముందు అక్కడ అడగండి.

రోడ్డు పక్కన, సంతలో యాసిడ్ రాసి తెల్లగా చేసేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు. ఎవరి దగ్గరికెళ్లినా బీడీఎస్ (పళ్ల డాక్టరు డిగ్రీ) పక్కన డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి.

ఇన్సూరెన్స్ వస్తుందా? జీఎస్టీ వేస్తారా?

మామూలు హెల్త్ పాలసీలు క్లీనింగ్‌కి ఇవ్వవు, యాక్సిడెంట్లో పళ్లు విరిగితేనే. ఓపీడీ ఖర్చులు, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులు, కలిపి తీసుకున్న పాలసీ అయితే చూడండి. వైద్యం కింద చేసే స్కేలింగ్‌కి జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే ఎందుకని అడగండి.

మా అబ్బాయికి అమెరికాలో డీప్ క్లీనింగ్ అని వెయ్యి డాలర్లు చెప్పారు. ఇక్కడికి రమ్మందామా?

సంక్రాంతికి వచ్చేవాళ్లలో సగంమంది ఈ బాపతే. అక్కడ ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. డీ1110 అంటే పెద్దవాళ్ల మామూలు క్లీనింగ్, డీ4341 అంటే ఒక భాగంలో నాలుగు, అంతకంటే ఎక్కువ పళ్లకి డీప్ క్లీనింగ్, డీ4342 అంటే ఒకటి నుంచి మూడు పళ్లకి. డీ4910 అంటే డీప్ తర్వాత చేసే మెయింటెనెన్స్. మామూలుదానికి అక్కడి ఇన్సూరెన్స్ ఏడాదికి రెండుసార్లు పూర్తిగా ఇస్తుంది చాలావరకు, డీప్‌కి కొంత జేబులోంచి పడుతుంది. అబ్బాయిని ఆ కాగితం, కొలతల చార్టు, ఎక్స్‌రే వాట్సాప్‌లో పంపమనండి, ఇక్కడి డాక్టరుకి చూపించండి. అంకెలు నిజంగా 5, 6 ఉంటే పండగదాకా ఆగమనడం మంచిది కాదు. పైగా నాలుగు వారాల సెలవులో వచ్చి, రెండు సిట్టింగులు చేయించుకుని, తగ్గిందో లేదో 4 నుంచి 6 వారాల తర్వాత చూడాల్సిన చూపుకి ఇక్కడ ఉండరు.

ఆన్‌లైన్‌లో స్కేలర్ కొని ఇంట్లో చేసుకోవచ్చా? నిమ్మకాయ, వంటసోడా?

వద్దు. చిగురు కోసుకుంటారు, గార లోపలికి నెట్టుకుంటారు. నిమ్మరసం ఎనామెల్‌ని తినేస్తుంది. వేపపుల్లకి నేను వ్యతిరేకం కాదు, మెత్తగా నమిలి కుంచెలా చేసి తోముకుంటే పాచి పోతుంది, కాకపోతే లోపలివైపు అందదు. ఇక మందులషాపులో కొన్న క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ నెలల తరబడి వాడేవాళ్లున్నారు, అది డాక్టరు చెప్పిన ఒకటి రెండు వారాలకే. ఎక్కువ వాడితే పళ్లు గోధుమరంగుకి వస్తాయి, ఆ మరక తీయించుకోడానికి మళ్లీ మా దగ్గరికే వస్తారు!

పాలపళ్లకి కూడా క్లీనింగా?

చాలామందికి అక్కర్లేదు, గార అంతగా పట్టదు. కానీ మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి చూపించడం మంచిది, కుర్చీ అంటే భయం పోతుంది.

నావన్నీ కట్టుడు పళ్లే, నాకేం క్లీనింగ్?

పొదిలి నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చి, తువ్వాలు మూట విప్పి సెట్టు కౌంటర్ మీద పెట్టి "స్కేలింగ్ చెయ్ తల్లీ, నేను ఇక్కడ కూర్చుంటా" అన్నాడు. వాటికీ గార పడుతుంది, ఆస్పత్రిలో మెషీన్‌తో తీస్తారు, పెద్దగా తీసుకోరు. ఇంట్లో రోజూ మెత్తటి బ్రష్, చేతులు కడిగే సబ్బుతో కడగండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మరిగే నీళ్లలో వేస్తే సెట్టు వంకర తిరిగిపోతుంది. రాత్రి తీసి మామూలు నీళ్లలో ఉంచి పడుకోండి. ఆ పెద్దాయన సెట్టు శుభ్రం చేసి ఇస్తే పెట్టుకుని, అద్దంలో చూసుకుని, డబ్బులు ఎంతని అడక్కుండానే వందనోటు పెట్టి బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు.